పక్కింటి మెట్లు, మన హాలు ట్యూబ్‌లైట్లు

పక్క ప్లాటులో కొత్తగా మూడంతస్తుల ఇల్లు లేచిందని, వాళ్ల మెట్ల కిటికీలోంచి మీ హాలూ పెరడూ మొత్తం కనిపిస్తున్నాయని, పరదాలు వేసినా ఫలితం లేదని రాశారు. ప్రహరీ గోడ ఎత్తు పెంచాలా, కిటికీ అద్దాలకు ఫిల్మ్ అతికించాలా అని అడిగారు. గోడ జోలికి ఇప్పుడే పోకండి. ముందుగా మీ ఇంట్లో దీపాలు ఏ గోడకు ఉన్నాయో చూడండి. మూడో అంతస్తు నుంచి చూసేవారికి మీ గోడ ఆరడుగులైనా ఎనిమిదడుగులైనా ఒకటే. పైగా అది గాలిని ఆపుతుంది, వరంగల్ ఎండాకాలంలో గాలి ఆడని ఇల్లు ఎట్లా ఉంటుందో మీకు చెప్పనక్కరలేదు.

ఇంత గట్టిగా చెప్పడానికి మా చెల్లె పెళ్లిచూపులు కారణం. హనుమకొండలో మాది ఒకే అంతస్తు డాబా ఇల్లు. పక్కనున్న ఖాళీ జాగలో ఎవరో ఇల్లు కట్టి కిందా మీదా కిరాయికి ఇచ్చారు. వాళ్ల మెట్లు సరిగ్గా మా హాలు కిటికీకి ఎదురుగా వచ్చాయి. జమ్మికుంట దిక్కు నుంచి పిల్లను చూడవస్తున్నారని తెలియగానే మా అవ్వ బజారుకు పోయి కొత్త పరదాలు తెచ్చింది. లోపలికి వెలుతురు వస్తుంది గాని బయటివాళ్లకు చీమంత కూడా కనిపించదని దుకాణదారు పలుచని తెల్లటి గుడ్డ అంటగట్టాడు. మా అవ్వ ఒకరి మాట నమ్మి ఊరుకునే మనిషి కాదు. పరదాలు కట్టించిన మధ్యాహ్నమే స్వయంగా పక్కింటి మెట్లెక్కి, అక్కడ నిలబడి మా కిటికీలోకి తొంగిచూసి, నిజంగానే ఏమీ కనిపించడం లేదని తృప్తిపడి దిగి వచ్చింది.

వచ్చేవాళ్లు మాత్రం పొద్దు గూకినంక వచ్చారు. హాల్లో వరంగల్ కొత్తవాడలో నేసిన షత్రంజీ, అంటే డర్రీ, పరిచి, రెండు ట్యూబ్‌లైట్లూ వేశాం. చెల్లె చాయ పళ్లెం పట్టుకుని వచ్చి పిల్లగాని మేనత్త ముందు వంగినప్పుడు ఒక కప్పు జారి పళ్లెం అంచు దాకా పోయింది. అది కింద పడనే లేదు, కిటికీ అవతలి నుంచి నలుగురైదుగురి గొంతులు ఒక్కసారే "అయ్యో!" అన్నాయి. హాల్లో ఎవరికీ నోట మాట రాలేదు. మేనత్త కిటికీ దిక్కు తిరిగి, "గా మాట ఎవలన్నరు?" అని అడిగింది. మా బాపు ఏమీ మాట్లాడకుండా లేచిపోయి రెండు లైట్లూ ఆర్పేశాడు. అప్పుడు గాని మాకు వాళ్లు కనిపించలేదు: వీధి దీపం వెలుగులో కిరాయిదార్లు మెట్టుకొకరు కూర్చున్నారు, పిల్లలంతా కింది మెట్టు మీద చేరారు, ఒకామె ఒళ్లో సగం తుంచిన చిక్కుడుకాయల గిన్నె ఉన్నది. మేనత్త కోపగించుకుంటుందేమోనని మేం హడలిపోతుంటే ఆమె పకపకా నవ్వి, "మీ వాడకట్టు మంచిదే అన్నా, మాకన్న ముందుగాల్ల వాళ్లే పిల్లను పసందు చేసిండ్రు" అన్నది. ఆ సంబంధం జాతకాల దగ్గర ఆగిపోయింది, అది వేరే సంగతి. ఆ రాత్రే మా బాపు నేల మీది షత్రంజీని దులిపి కిటికీకి కట్టాడు. వరంగల్ డర్రీలకు 2018లో భౌగోళిక సూచిక (ఫలానా ఊరి ప్రత్యేక వస్తువని చెప్పే జీఐ) గుర్తింపు వచ్చింది గాని, వాటిని ఇంతకన్నా మంచి పనికి వాడినవాళ్లు లేరని నా అభిప్రాయం.

పలుచని పరదా గాని, అద్దానికి వేసే మెరుపు ఫిల్మ్ గాని చూపును ఆపవు; ఏ వైపు వెలుగు ఎక్కువగా ఉంటే ఆ వైపు మనిషికి అవతల ఏముందో కనిపించనివ్వవు, అంతే. పగలు ఎండ బయట ఉంటుంది కాబట్టి బయటివాడు గుడ్డివాడవుతాడు. దీపాలు పెట్టాక వెలుగు మన వైపు, చీకటి వాళ్ల వైపు మారుతుంది కాబట్టి గుడ్డితనం మనకు వస్తుంది. ఫిల్మ్ వేసిన అద్దంలో మన ముఖం మనకే కనిపిస్తుంది, మెట్ల మీద కూర్చున్నవారికి మన ఇల్లంతా కనిపిస్తుంది. ఫిల్మ్ అమ్మేవాళ్లు మనకు పట్టపగలే నమూనా చూపిస్తారు. రాత్రి ఏడు గంటలకు వచ్చి చూపించమని అడిగి చూడండి. కాబట్టి పగటికి పలుచనిది, రాత్రికి దళసరిది, రెండు వరుసల పరదా కమ్మీలు వేయించుకోండి.

అంతటితోనే సరిపోదు. ట్యూబ్‌లైటు కిటికీకి ఎదుటి గోడ మీద ఉంటే, దానికీ కిటికీకీ మధ్య తిరిగే ప్రతి మనిషి నీడా తోలుబొమ్మలాటలో లాగా పరదా మీద పడుతుంది. మనిషి కనిపించకపోయినా ఎవరు వచ్చారో, ఎవరు ఎవరి మీద చెయ్యెత్తారో అవతలికి తెలుస్తుంది. అదే దీపాన్ని కిటికీ ఉన్న గోడకే, కిటికీ పైన బిగిస్తే నీడలు లోపలి గోడ మీద పడతాయి. ఎలక్ట్రీషియనుకు ఇది ఒక పూట పని. ఇళ్లు కట్టేటప్పుడు ఒక్కరంటే ఒక్కరు దీని గురించి ఆలోచించగా నేను చూడలేదు.

పట్టీల బ్లైండ్లు వేసుకునేటట్టయితే పట్టీల బయటి అంచు కిందికి, లోపలి అంచు పైకి ఉండేలా తిప్పండి. పై అంతస్తు నుంచి ఏటవాలుగా దిగే చూపు పట్టీకి తగిలి ఆగిపోతుంది. తిరగేసి పెడితే ఆ చూపుకు మీరే బాట వేసినట్టవుతుంది. స్నానాల గదికి గరుకు అద్దం మంచిదే గాని, గరుకు వైపు బయటికి పెడితే వాన తడికి, లోపలికి పెడితే స్నానం తడికి అది మామూలు అద్దంలా పారదర్శకమవుతుంది. అక్కడ ఉబ్బెత్తు డిజైను ఉన్న ఎంబాస్ అద్దం వేయించుకోవడం మేలు.

అసలు మన పూర్వుల ఇళ్లలో ఈ బాధ ఇంతగా ఉండేది కాదు. ఖిలా వరంగల్‌లో రాతికోట ద్వారాల గుండా నడిచి చూడండి. దారి నేరుగా లోపలికి పోదు, మలుపు తిరిగితే గాని కోట లోపలి భాగం కనిపించదు. అది శత్రువు కోసం కట్టినదే అయినా, మా ఊరి పాత ఇళ్లలోనూ అదే తెలివి ఉన్నది: దర్వాజ దాటితే దాలానం (వసారా), అది దాటి పక్కకు తిరిగితేనే వంటిల్లు. ఇప్పుడు వాస్తు పేరుతో గేటు, సింహద్వారం, వంటింటి తలుపు, పెరటి తలుపు ఒకే గీత మీద నిలబెడుతున్నారు. సందులో పోయే పాలవాడికి మన పొయ్యి మీద ఏ కూర ఉడుకుతున్నదో తెలుస్తుంది. దానికి తోడు బాల్కనీకి గాజు పలకలు పెట్టించి, నెల తిరగక ముందే ఆ గాజుకు పాత చీరలు కడుతున్నారు. కాలనీల్లో జరిగే కొట్లాటల్లో సగం కిటికీల వల్లే జరుగుతాయని నేను ఘంటాపథంగా చెప్పగలను.

చట్టం గురించి కూడా అడిగారు గనుక రెండు మాటలు. 1882 నాటి ఈజ్‌మెంట్ల (పక్కవారి స్థలం విషయంలో మనకుండే హక్కుల) చట్టం 18వ సెక్షను కింద ఇచ్చిన ఉదాహరణల్లో సరిగ్గా మీ బాధే ఉన్నది: పొరుగువారి ఏకాంతానికి గణనీయంగా భంగం కలిగించే కొత్త కిటికీ తెరవకూడదనే ఆచారం ఒక పట్టణంలో ఉంటే, ఆ ఆచారమే హక్కవుతుంది. అయితే అటువంటి ఆచారం మన ఊళ్లో ఉన్నదని కోర్టులో మీరు రుజువు చేయాలి, అది ఏళ్ల తరబడి సాగే పని. 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది గాని, ఆ తీర్పు చేతపట్టుకుని మున్సిపాలిటీకి పోతే పక్కింటి కిటికీ మూయించరు. వాళ్లు 2012 నాటి భవన నిర్మాణ నియమాల జీవో 168 ప్రకారం చుట్టూ వదలవలసిన ఖాళీ వదిలారా లేదా అన్నది చూస్తారు. వదలకపోతే మాత్రం ఫిర్యాదు చేయండి. స్నానం చేస్తున్న ఆడవాళ్లను చాటుగా చూసినా, ఫోటో తీసినా అది భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షను కింద నేరం. మొదటిసారికే ఏడాది నుంచి మూడేళ్ల జైలు, జరిమానా పడతాయి. అటువంటిది జరిగితే మొహమాటపడకుండా పోలీసు స్టేషనుకు పోవలసిందే.

మీ విషయంలో అంత దూరం పోనక్కరలేదు. మెట్లకు కావలసింది వెలుతురూ గాలీ మాత్రమే కాబట్టి, ఆ కిటికీ కింది భాగానికి జాలీ పెట్టించమనీ, ఖర్చులో సగం మీరు భరిస్తామనీ ఇంటి ఓనరుతోనే మాట్లాడండి. మా పక్కింటాయన అట్లాగే ఒప్పుకున్నాడు. కొలత తీసుకునేటప్పుడు మలుపు దగ్గర నిలబడి తీసుకోకండి. మనిషి మెట్టు మెట్టుకూ పైకి పోతుంటాడు కాబట్టి, కిటికీ కనిపించే ఆఖరి మెట్టు మీద నిలబడిన మనిషి కంటి ఎత్తుకు జాలీ రావాలి. వాళ్ల గేటు మీది సీసీ కెమెరా మీ వాకిలి వైపు ఉన్నదంటే, దాన్ని తీసేయమని అనకండి, దొంగల భయం వాళ్లకూ ఉంటుంది. చాలా కెమెరాల సెట్టింగుల్లో ప్రైవసీ మాస్క్ అనేది ఉంటుంది. తెర మీద మీ వాకిలి కనిపించే భాగాన్ని నల్లగా మూసేయమని చెప్పి, బిగించిన కుర్రవాణ్ని పిలిపించి, అది మూసేదాకా పక్కన నిలబడి చూసుకోండి.