రిజల్యూషన్, రిజాల్వింగ్ పవర్ ఒకటేనా? టెలిస్కోప్ ప్రయోగంలో లెక్క ఎందుకు కలవదు?

శ్రీకాకుళం నుంచి బీఎస్సీ విద్యార్థి అడిగినవి రెండు: ఈ మాటలు రెండూ ఒకటేనా? ల్యాబ్‌లో టెలిస్కోప్ రిజాల్వింగ్ పవర్ సిద్ధాంత విలువకు 20 శాతం తేడాగా ఎందుకొస్తోంది?

ఒకటి కావు, ఒకదాన్ని తిరగేస్తే రెండోది. కళింగపట్నం ఒడ్డున రాత్రిపూట నిలబడితే, పడవ మీద 1.5 మీటర్ల ఎడంలో ఉన్న రెండు దీపాలు దూరానికి ఒకే చుక్క. పడవ దగ్గరపడుతుంటే ఒకచోట చుక్క రెండవుతుంది. అప్పుడు రెండు దీపాలకూ మధ్య కంటి దగ్గర ఏర్పడే కోణం, మంచి చూపున్న కంటికి, ఇంచుమించు 0.00029 రేడియన్లు, అంటే లెక్కప్రకారం దూరం 5 కి.మీ. పైచిలుకు. (గాలిలో తేమ, దీపం మెరుపు వల్ల నిజానికి ఇంకా దగ్గరకు రావాలి.) ఆ కోణం రిజల్యూషన్, తగ్గేకొద్దీ మంచిది. దాని విలోమం, సుమారు 3,400, రిజాల్వింగ్ పవర్. గ్రేటింగ్‌కైతే (కాంతిని రంగులుగా విడదీసే సన్నగీతల పలక) తరంగదైర్ఘ్యాన్ని రెండు తరంగదైర్ఘ్యాల తేడాతో భాగిస్తాం: సోడియం జంట గీతలు 589.0, 589.6 నానోమీటర్లు కాబట్టి వాటిని విడదీయడానికి సుమారు 980 కావాలి. వెర్నియర్ కాలిపర్స్‌కు లీస్ట్ కౌంటే (అది కొలవగల అతి చిన్న విలువ) రిజల్యూషన్. అక్కడ రిజాల్వింగ్ పవర్ అనే మాటకు పనిలేదు.

ఇక 20 శాతం. నా అనుమానం ముందు 1.22 λ/a అనే సూత్రంలోని 1.22 మీదే (λ తరంగదైర్ఘ్యం, a రంధ్రం వెడల్పు). అది గుండ్రటి రంధ్రానికి. మీ టెలిస్కోప్ ముందు బిగించేది స్క్రూతో తెరిచి మూసే చీలిక, దానికి సూత్రం λ/a మాత్రమే. టెలిస్కోప్‌తో చూసే 1 మి.మీ. ఎడం గీతలు 2 మీ. దూరంలో ఉంటే కోణం 0.0005, సోడియం కాంతికి గీతలు కలిసిపోయేటప్పుడు చీలిక వెడల్పు 1.18 మి.మీ. దగ్గర రావాలి. 1.22తో గుణిస్తే 1.44 కావాలంటుంది.

అది కాకపోతే స్క్రూ చూడండి. బ్యాక్‌లాష్ (తిప్పే దిశ మార్చినప్పుడు స్క్రూ కాసేపు ఖాళీగా తిరగడం) ఉంటుంది, కాబట్టి ఎప్పుడూ మూస్తూనే రీడింగ్ తీయాలి. చీలిక పూర్తిగా మూసుకున్నప్పటి రీడింగ్ కూడా అలాగే తీసి, తీసివేయాలి. దూరం కొలవాల్సింది చీలిక దాకా, ఐపీస్ (కంటి దగ్గరి కటకం) దాకా కాదు. మామూలు బల్బు పెట్టి సోడియం కాంతి విలువ 5893 ఆంగ్‌స్ట్రామ్‌లు (589.3 నానోమీటర్లు) వేసేవాళ్లూ ఉన్నారు, అది కుదరదు. చీలిక అంచులు గీతలకు సమాంతరంగా కాక అడ్డంగా ఉంటే ఎంత మూసినా వెలుగు తగ్గుతుందే తప్ప గీతలు కలవవు.

దూరం 3 మీటర్లకు పెంచి చూడండి, వెడల్పు 1.77కు వెళ్లాలి. వెళ్లకపోతే తప్పు సూత్రంలో లేదు, బిగింపులో ఉంది. ఎక్కువ పవరున్న ఐపీస్ మారిస్తే లాభం లేదు: కలిసిపోయిన గీతలు పెద్దవై, కలిసిపోయే కనిపిస్తాయి.