డిగ్రీ మానేసి సౌండ్ ఇంజనీర్ అవుతానంటున్నాడు, ఏం చేయమంటారు?

ప్రశ్న: మా అబ్బాయి బీఎస్సీ రెండో సంవత్సరం. ఇంటర్‌లో ఎంపీసీ చదివాడు. బాగా పాడతాడు. ఏడాదిగా తన గదిలో ఒక మైకు, ఆడియో ఇంటర్‌ఫేస్ అని మైకుని లాప్‌టాప్‌కి కలిపే చిన్న పెట్టె పెట్టుకుని లాప్‌టాప్‌లో రీపర్ అనే సాఫ్ట్‌వేర్‌తో పాటలు రికార్డు చేస్తున్నాడు. రాత్రి రెండింటిదాకా కూర్చుంటాడు, ఒక్క పాటా పూర్తి కాదు. గొంతు ఆలస్యంగా వినిపిస్తోందనీ, టప్‌టప్‌మని చప్పుడు వస్తోందనీ, గుయ్‌మని మోత ఉంటోందనీ విసుక్కుంటాడు. ఆ లాప్‌టాప్ ముట్టుకుంటే ఒక్కోసారి చేతికి జిల్లుమంటుంది కూడా. లక్ష రూపాయల కొత్త లాప్‌టాప్ కొనమంటున్నాడు. డిగ్రీ మానేసి హైదరాబాద్ వెళ్తానంటున్నాడు. ఇందులో బతుకుతెరువు ఉందా సార్?
– ఒక తల్లి, నంద్యాల

జవాబు: అమ్మా, లాప్‌టాప్ ఇప్పుడే కొనకండి. డిగ్రీ మాననివ్వకండి. రికార్డింగ్ మాత్రం ఆపించకండి.

ముందు డిగ్రీ సంగతి. సౌండ్ చదువుకోవడానికి మన దేశంలో అందరూ కోరుకునే చోట్లు రెండున్నాయి: పుణెలోని ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్, కోల్‌కతాలోని సత్యజిత్ రే ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్. రెండూ కేంద్ర ప్రభుత్వానివే. అక్కడి సౌండ్ కోర్సుకి ఏదో ఒక డిగ్రీ ఉండాలి, ఇంటర్‌లో ఫిజిక్స్ చదివి ఉండాలి. మీవాడికి రెండోది ఉంది, మొదటిదానికి ఇంకో ఏడాదిన్నర ఆగితే చాలు. 2009లో సౌండ్ మిక్సింగ్‌కి (విడివిడి శబ్దాలని సమపాళ్లలో కలిపే పని) ఆస్కార్ అందుకున్న రసూల్ పూకుట్టి కూడా ముందు ఫిజిక్స్‌లో డిగ్రీ చేసి, ఆ తర్వాతే పుణెలో చేరారు. ఇప్పుడు కాలేజీ మానేస్తే ఆ తలుపు మీవాడే మూసుకున్నట్టవుతుంది.

ఇక అసలు సంగతి. పాట ఎందుకు పూర్తి కావడం లేదు? మీరు రాసిన మూడు తిప్పలూ వేర్వేరు చోట్ల పుట్టేవి. లక్ష పెట్టి లాప్‌టాప్ కొన్నా వాటిలో కనీసం రెండు అలాగే ఉండిపోవచ్చు. ఇక్కడి నుంచి అబ్బాయికి చదివి వినిపించండి.

బాబూ, ముందు టప్‌టప్ సంగతి చూద్దాం. రికార్డు చేసిన ముక్కని మూడుసార్లు ప్లే చెయ్యి. చప్పుడు ప్రతిసారీ అదే అక్షరం మీద వస్తే అది ఫైల్లోకి ఎక్కేసింది, ఆ లైను మళ్లీ పాడాల్సిందే. ఒకసారి పల్లవిలో, ఇంకోసారి చరణంలో వస్తే ఫైల్ బాగానే ఉంది, కంప్యూటరే అందుకోలేక తడబడుతోంది. ఈ చిన్న పరీక్ష చేయకుండా రాత్రంతా సెట్టింగులు మార్చే పిల్లలని చాలామందిని చూశాను.

కంప్యూటర్ తడబడుతుంటే బఫర్ సైజు పెంచు, అంటే కంప్యూటర్ ఒక్కో విడతలో ఎంత శబ్దం పోగుచేసుకుని పని చేయాలో చెప్పే అంకె. పాడేటప్పుడు 128 శాంపిల్స్ (కంప్యూటర్ శబ్దాన్ని కొలిచే చిన్న చిన్న ముక్కలు), మిక్సింగ్ చేసేటప్పుడు 512 లేదా 1024. రెండు పనులకీ ఒకే అంకె పెట్టుకుంటే ఎప్పుడూ ఏదో ఒక ఇబ్బంది తప్పదు. లెక్క చూడు: సెకనుకి 48,000 శాంపిల్స్ చొప్పున 512 అంటే 10.7 మిల్లీసెకన్లు. నీ పాట కంప్యూటర్‌లోకి వెళ్లేటప్పుడు ఒకసారి, బయటికి వచ్చేటప్పుడు ఒకసారి, మొత్తం 21 దాటుతుంది. గాలిలో శబ్దం ఏడు మీటర్లు పోవడానికి పట్టే సమయం అది. నీ గొంతు నీకే వీధి గుమ్మంలోంచి వినిపిస్తున్నట్టు ఉంటే తాళం ఎలా నిలుస్తుంది? 128 పెడితే అదే 5 మిల్లీసెకన్ల పైచిలుకు. ఇంటర్‌ఫేస్ తయారు చేసిన కంపెనీ ఇచ్చే ఆసియో (ASIO) డ్రైవర్, అంటే ఆ పెట్టెని కంప్యూటర్‌తో ఆలస్యం లేకుండా కలిపే ప్రోగ్రాము, వేసుకున్నావో లేదో కూడా చూసుకో. విండోస్ మామూలు డ్రైవర్‌తో నడుపుతుంటే ఈ అంకెలు అనుకున్నట్టు పనిచేయవు.

128 పెట్టినా ఆలస్యం తగ్గలేదంటే విడివిడిగా రికార్డు చేసిన ట్రాకులన్నీ కలిసి బయటికి వెళ్లే మాస్టర్ ట్రాక్ మీద ఏం వేశావో చూడు. పాట గట్టిగా వినిపించాలని శబ్దం హద్దు దాటకుండా పట్టే లిమిటర్, మంద్ర, తార శబ్దాల పాళ్లు మార్చే లీనియర్ ఫేజ్ ఈక్యూ లాంటివి ముందే తగిలిస్తారు. అవి రాబోయే శబ్దాన్ని కాస్త ముందుగా చూసుకుని పనిచేసే రకం, అందుకే అవి ఆలస్యాన్ని కలుపుతాయి. పాడేటప్పుడు అవన్నీ ఆపెయ్. ఇంటర్‌ఫేస్ మీద డైరెక్ట్ మానిటర్ మీట ఉంటే అది వేసుకో, కంప్యూటర్‌తో పనిలేకుండా గొంతు నేరుగా హెడ్‌ఫోన్‌లోకి వస్తుంది. అది వేశాక సాఫ్ట్‌వేర్‌లో మానిటరింగ్ ఆపడం మర్చిపోకు, లేకపోతే గొంతు రెండుసార్లు వినిపిస్తుంది. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు ఈ పనికి అస్సలు వద్దు.

ఇక గుయ్‌మనే మోత. ఛార్జర్ పీకి, బ్యాటరీ మీద ఒక నిమిషం రికార్డు చెయ్యి. మోత పోయిందా? అయితే తప్పు కరెంటు దగ్గర ఉంది, సాఫ్ట్‌వేర్‌ది కాదు. మన కరెంటు 50 హెర్ట్జ్, ఆ గుయ్ కూడా 50, 100 హెర్ట్జ్ దగ్గరే మోగుతుంది. మన ఇళ్లలో మూడు పిన్నుల ప్లగ్గుని రెండు పిన్నుల కన్వర్టర్‌లో పెట్టేయడం, గోడలో ఎర్తింగ్ సరిగా లేకపోవడం మామూలైపోయాయి. అమ్మ రాసిన ఆ జిల్లు కూడా చాలావరకు దాని బంధువే. మోత పోలేదంటే మైకు కేబుల్, ఫ్యాను రెగ్యులేటర్ చూడు.

ఇంకొకటి నువ్వు అడగలేదు, అయినా చెబుతాను. ప్రాజెక్టు, ఇంటర్‌ఫేస్, ఎగుమతి చేసే ఫైలు, అన్నిటి శాంపిల్ రేటూ (సెకనుకి ఎన్ని శాంపిల్సో చెప్పే అంకె) 48,000 మీదే ఉందో లేదో చూసుకో. 44,100తో రికార్డు చేసింది పొరపాటున 48,000 వేగంతో మోగితే పాట పరుగెత్తుతుంది, శ్రుతి దాదాపు ఒకటిన్నర స్వరస్థానం పైకి పోతుంది. గొంతు చిన్నపిల్లాడిదిలా వినిపిస్తే ముందు అనుమానించాల్సింది దీన్నే.

ఇప్పుడు ఒక కుర్రాడి సంగతి చెబుతాను. పోయిన వేసవిలో వాళ్ల నాన్నతో కలిసి నా దగ్గరకి వచ్చాడు. పాట వినిపిస్తానని ఎంతో సంబరంగా లాప్‌టాప్ తెరిచాడు. ‘కొత్తది’, ‘కొత్తది ఫైనల్’, ‘ఫైనల్ 2 అసలుది’ అని పేర్లు. ఒకటి నొక్కితే ఫైళ్లు దొరకడం లేదని తెర నిండా ఎర్రటి జాబితా. సగం రికార్డింగులు డౌన్‌లోడ్స్‌లో, సగం పెన్‌డ్రైవ్‌లో, ఆ పెన్‌డ్రైవేమో స్నేహితుడి ఇంట్లో. నలభై ట్రాకులకీ పేర్లు లేవు, వరసగా అంకెలే. ఆ పిల్లాడి ముఖం వాడిపోవడం చూసి నాకు చాలా బాధేసింది. పాట ఉంది, వినిపించే దారి లేదు. తర్వాత వినిపించాడు, నిజంగా బాగుంది.

అందుకే ఒక పాటకి ఒక ఫోల్డర్ పెట్టుకో. రీపర్‌లో కొత్త ప్రాజెక్టు సేవ్ చేసేటప్పుడు మీడియా అంతా ప్రాజెక్టు ఫోల్డర్‌లోకే కాపీ చేయమనే టిక్కు ఒకటి ఉంటుంది, అది పెట్టు. ఫైలు పేరు చివర తేదీ రాయి, ‘ఫైనల్’ అన్న మాటే వాడకు. పాడకముందే ట్రాకుకి పేరు పెట్టు: పల్లవి, చరణం, కోరస్, తబలా. 24 బిట్ నాణ్యతలో రికార్డు చేస్తూ, గట్టిగా పాడిన చోట కూడా మీటరు మైనస్ 10 డెసిబెల్స్ దాటకుండా గెయిన్ (మైకు శబ్దాన్ని పెంచే మీట) పెట్టుకో. సున్నా తాకి చీలిన గొంతుని మామూలు ప్లగిన్లు (సాఫ్ట్‌వేర్‌కి అదనంగా తగిలించే చిన్న ప్రోగ్రాములు) బాగుచేయలేవు. ఈ లెక్కన ఒక మోనో ట్రాకు నిమిషానికి 8.6 ఎంబీ, ఐదు నిమిషాల పాటకి ఇరవై ట్రాకులంటే సుమారు 860 ఎంబీ. కాబట్టి విడిగా ఒక హార్డ్‌డిస్క్ ఉండి తీరాలి, ప్రతి రాత్రీ అందులోకి కాపీ వెళ్లాలి. బరువైన వాయిద్యాల ట్రాకులని ఫ్రీజ్ చెయ్యి, అంటే మామూలు ఆడియోగా మార్చి పెట్టు, పాత లాప్‌టాప్ కూడా ఊపిరి పీల్చుకుంటుంది. దాన్ని పరుపు మీద పెట్టి వాడకు, వేడెక్కితే వేగం దానంతట అదే తగ్గించుకుంటుంది.

పాడే రోజు మిక్సింగ్ జోలికి పోకు. రెండూ కలిపితే రాత్రి రెండవుతుంది, మీ ఇంట్లో జరుగుతున్నది అదే.

క్రాక్ చేసిన ప్లగిన్లు ఉంటే ఈరోజే తీసెయ్. టప్‌టప్‌లకీ, ఉన్నట్టుండి సాఫ్ట్‌వేర్ మూసుకుపోవడానికీ అవీ ఒక కారణం. వైరస్ భయం సరేసరి. రీపర్ 60 రోజులు పూర్తిగా వాడి చూసుకోవచ్చు, ఆ తర్వాత సొంతంగా వాడుకునేవాళ్లకి లైసెన్సు 60 డాలర్లు. సినిమా స్టూడియోల్లో ఎక్కువగా ప్రో టూల్స్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ నడుస్తుంది. దాని ఉచిత రకం ప్రో టూల్స్ ఇంట్రోలో ఎనిమిది ఆడియో ట్రాకులు వస్తాయి, చేయి అలవాటు చేసుకోవడానికి అవి సరిపోతాయి.

అమ్మా, మళ్లీ మీతో. బతుకుతెరువు ఉందా అని అడిగారు. ఉంది, కానీ సినిమా పాటల మిక్సింగ్ ఒక్కదానిలో లేదు. డబ్బింగ్ స్టూడియోలు, ఓటీటీ సీరియళ్ల డైలాగ్ ఎడిటింగ్, ఆడియో పుస్తకాలు, పాడ్‌కాస్టులు, యూట్యూబ్ చానళ్లు, పెళ్లిళ్లు, సభల్లో లైవ్ సౌండ్. మొదటి రెండు మూడేళ్లు నెల జీతం కన్నా పనిని బట్టి వచ్చే డబ్బే ఎక్కువగా ఉంటుంది, ఒక నెల ఉంటే ఒక నెల ఉండదు. ఆ కష్టాన్ని మీ దగ్గర దాచను. ఈ పనిలో నిలదొక్కుకున్నవాళ్లని చూశాను. వాళ్లకి ఖరీదైన సామాను లేదు. వాళ్లు పంపిన ఫైలు అవతలివాడు తెరిస్తే ఫోన్ చేయాల్సిన అవసరం రాలేదు, అందుకే రెండోసారి పిలిచారు.

అందుకని మీవాడికి మూడు నెలల గడువు పెట్టండి. నెలకి ఒక పాట. తన గొంతు వద్దు, మీ వీధిలో పాడే ఎవరినైనా పిలిచి రికార్డు చేయమనండి. ఇంకొకరికి హెడ్‌ఫోన్ పెట్టి, వాళ్ల బెరుకు పోగొట్టి పాడించడమే సగం ఉద్యోగం. పాట అయ్యాక ట్రాకులన్నీ ఒకే చోట మొదలయ్యేలా విడివిడి వేవ్ ఫైళ్లుగా తీసి, వేరే ఊళ్లో ఉన్న స్నేహితుడికి పంపమనండి. అతను వాటిని వేరే సాఫ్ట్‌వేర్‌లో వేస్తే ఒక్క మాట అడగకుండా పాట మోగాలి. మూడింటికి మూడూ మోగితే, డిగ్రీ చివరి ఏడాదిలో ప్రవేశ పరీక్షకి సిద్ధం చేయండి. లాప్‌టాప్ మాట అప్పుడు ఆలోచిద్దాం. ఈలోగా ఏదైనా కొనాలనిపిస్తే ఒక హార్డ్‌డిస్క్, చెవులు పూర్తిగా మూసే వైరున్న హెడ్‌ఫోన్ చాలు.

ఒక్కటి మాత్రం ఈ వారమే చేయండి. ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి ఆ గదిలో ఎర్తింగ్ చూపించండి. ముట్టుకుంటే జిల్లుమంటోందని మీరు రాసిన ఆ ఒక్క వాక్యం చదివి నాకు భయమేసింది. రికార్డింగ్ సంగతి తర్వాత, ముందు ఆ పని చేయించండి.