టవర్ మీద పడకముందు

చిత్తూరు, కట్టమంచి.

పాపా,

మొన్న ఆదివారం రాత్రి మీ అమ్మ నీకు నాలుగుసార్లు ఫోన్ చేసిందట. రెండుసార్లు "అందుబాటులో లేరు" అని వచ్చింది. ఒకసారి నువ్వు ఎత్తావు గానీ "హలో, హలో" తప్ప ఇంకో మాట వినబడలేదు. నాలుగోసారి మధ్యలోనే తెగిపోయింది. ఆ తర్వాత నాకు చేసింది. షుగర్ పడిపోయి చేతులు వణుకుతున్నాయట. బెల్లం ముక్క నోట్లో వేసుకొని పడుకోమన్నాను, పక్కింటావిడని తోడు పిలిపించాను, తెల్లారేసరికి కుదుటపడింది. కానీ పలమనేరు పక్కన పల్లెలో ఒంటరిగా ఉండే మనిషి రాత్రిపూట కూతురికి చెప్పుకోవాలనుకుని చెప్పుకోలేకపోయిందే, ఆ సంగతి నాకు ఇంకా మనసులో తిరుగుతోంది. ఫోన్లో చెప్తే సగం వినబడదు, సగం మరిచిపోతావు. అందుకే రాస్తున్నా. దగ్గర పెట్టుకుని ఒక్కొక్కటే చేసి చూడు.

కొత్త ఫోన్ కొంటానన్నావు. కంపెనీ మారిపోతానని కూడా అన్నావు. రెండూ వద్దు, ఇప్పుడే వద్దు. ముప్పై ఏళ్ళకు పైగా టెలిఫోన్ లైన్ల మీద పని చేశాను. మాకు మొదటి రోజు నుంచీ నేర్పింది ఒకటే: తప్పు ఎక్కడుందో తేలేదాకా దేన్నీ విప్పొద్దు. ఒక ఇంట్లో ఫోన్ మూగబోయిందంటే నేరుగా ఆ ఇంట్లోకి పోయేవాళ్ళం కాదు. వీధిలో స్తంభానికున్న డీపీ పెట్టె, అంటే లైన్లు ఇళ్ళకి చీలే చోటు, తెరిచి, అక్కడ టెస్ట్ ఫోన్ తగిలించి వినేవాళ్ళం. అక్కడ డయల్ టోన్ శుభ్రంగా వస్తే తప్పు ఇంటివైపు. రాకపోతే ఎక్స్ఛేంజివైపు. అలా సగం సగం చేసుకుంటూ పోతే చివరికి ఏదో ఒక జాయింట్ దగ్గర ఆగేవాళ్ళం. సెల్‌ఫోన్‌కీ అదే లెక్క. తీగ కంటికి కనబడదు, అంతే తేడా. తప్పు నీ ఫోన్లో ఉండొచ్చు, నీ ఇంట్లో ఉండొచ్చు, టవర్ దగ్గర ఉండొచ్చు, మీ అమ్మ ఫోన్లో ఉండొచ్చు.

పోయిన నెల మీ ఇంటికి వచ్చినప్పుడు నువ్వు ఆఫీసు పనిలో ఉంటే నేను నీ ఫోన్ పట్టుకుని ఇల్లంతా తిరిగాను, గుర్తుందా? ఆడుకుంటున్నానని పిల్లాడు నా వెంటే తిరిగాడు. నేను చూసింది ఫోన్ పైన కనబడే సిగ్నల్ గీతలు కాదు. ఆ గీతల్ని నమ్మొద్దు. ఎంత బలానికి ఎన్ని గీతలు చూపించాలన్నది ఒక్కో కంపెనీ ఒక్కో రకంగా పెట్టుకుంటుంది. సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్, అందులో సిమ్ స్టేటస్, అందులో సిగ్నల్ స్ట్రెంత్ అని ఉంటుంది. కొన్ని ఫోన్లలో పేరు కాస్త అటూ ఇటూ మారుతుంది. అక్కడ మైనస్ గుర్తుతో ఒక అంకె, పక్కన డీబీఎమ్ అని కనబడుతుంది, అది సిగ్నల్ బలానికి కొలత. మీ ఇంట్లో నేను నోటుబుక్కులో రాసుకున్నవి ఇవీ: పడకగది మైనస్ 118, హాలు మైనస్ 114, వంటింటి కిటికీ పక్కన మైనస్ 103, మేడమీద నీళ్ళ ట్యాంకు దగ్గర మైనస్ 88.

సున్నాకి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. 4జీలో మైనస్ 90 లోపల ఉంటే నిశ్చింతగా మాట్లాడుకోవచ్చు. 100 దాటితే తడబాటు మొదలవుతుంది. 115 దాటాక కాల్ నిలబడటం కష్టం. ఈ అంకెలు మామూలు అంకెల్లాంటివి కావు. 3 తగ్గితే బలం సగమైపోయినట్టు, 10 తగ్గితే పదోవంతుకి పడిపోయినట్టు. మేడమీదికీ హాల్లోకీ తేడా 26. అంటే మేడమీద ఉన్న బలంలో దాదాపు 400వ వంతే మీ హాల్లోకి చేరుతోంది. మేడమీద బాగుండి, కింద బాగాలేదంటే టవర్‌ది తప్పు కాదు పాపా. డీపీ దగ్గర డయల్ టోన్ వచ్చినట్టే లెక్క. తప్పు ఇంటివైపు ఉంది.

మీ ఇల్లు ఎక్కడుందో చూడు. కపిలతీర్థం వైపు, కొండ పాదాల దగ్గర. ఉత్తరం పక్కంతా శేషాచలం అడ్డం. రాతికొండ రేడియో తరంగాల్ని దాటనివ్వదు. రెండు పక్కలా మూడంతస్తుల ఇళ్ళు. నీది కింది పోర్షను, పైన ఇనుప కమ్ముల స్లాబు, ముందు వసారా మీద రేకులు. గోడకన్నా రేకు చెడ్డది. ఇనుప రేకు తరంగాన్ని వెనక్కి కొట్టేస్తుంది. దీనికి తోడు టవర్లు వాడే తరంగాల్లోనూ తేడాలున్నాయి. 850, 900 మెగాహెర్ట్జ్ లాంటి చిన్న ఫ్రీక్వెన్సీలు దూరం పోతాయి, గోడలు దాటుతాయి. 2300, 3300 మెగాహెర్ట్జ్‌వి డేటా ఎక్కువ మోస్తాయి గానీ గోడ దగ్గరే నీరసపడతాయి. అందుకే వీధిలో 5జీ పరుగెత్తే ఫోను మీ హాల్లో కుంటుతుంది.

ఇంకొకటి చాలామంది గమనించరు. ఆ అంకె చెప్పేది టవర్ గొంతు నీకెంత వినబడుతోందని మాత్రమే. నీ గొంతు టవర్‌కి ఎంత వినబడుతోందో అది చెప్పదు. టవర్ పదుల వాట్లతో మాట్లాడుతుంది. 4జీ ఫోన్ ఎంత అరిచినా వాటులో ఐదో వంతే, 200 మిల్లీవాట్లు. జాతరలో మైకు పట్టుకున్నాయన మాట నీకు వినబడుతుంది, గుంపులోంచి నువ్వు పిలిస్తే ఆయనకి వినబడదు. ఇదీ అంతే. ఆ రాత్రి మీ అమ్మ మాట నీకు కాస్తో కూస్తో వినబడి, నీ మాట ఆమెకి అస్సలు అందలేదంటే కారణం ఇదే అయి ఉండాలి. అలాంటప్పుడు ఫోన్ కింది భాగాన్ని అరచేత్తో గట్టిగా మూయకు. ఆ అంచుల్లోనే యాంటెన్నా ఉంటుంది. అయస్కాంతం ఉన్న ఫ్లిప్ కవరు, వెనక అతికించిన ఇనుప రింగు తీసేసి రెండు రోజులు చూడు.

ఇక చేయాల్సిన పని. మీ ఇంట్లో ఫైబర్ ఇంటర్నెట్ ఉంది, వైఫై ఉంది. నీ సమస్యకి సగం మందు అదే. సెట్టింగ్స్‌లో సిమ్ కార్డుల దగ్గర వైఫై కాలింగ్ అని ఉంటుంది, ఆన్ చెయ్యి. మన దేశంలో పెద్ద కంపెనీలు 2019 చివర్లో, 2020 మొదట్లో దీన్ని మొదలుపెట్టాయి. వాట్సాప్ కాల్ లాంటిది కాదిది. నీ నెంబరుకే మామూలు కాల్ వస్తుంది, నీ ప్యాక్‌లోనే పోతుంది, అవతలివాళ్ళ దగ్గర కీప్యాడ్ ఫోనున్నా సరే. టవర్ బదులు నీ గొంతు వైఫై మీదుగా కంపెనీకి చేరుతుంది. పక్కనే ఉన్న వీఓఎల్‌టీఈ కూడా ఆన్‌లోనే ఉండాలి. కాల్‌ని 4జీ మీదే నడిపేది అదే. అది ఆఫ్ అయితే కాల్ వచ్చినప్పుడల్లా ఫోన్ పాత 2జీకి దిగిపోతుంది, అదీ ఉంటేనే.

రెండు జాగ్రత్తలు. కరెంటు పోతే రూటర్ ఆరిపోతుంది, దాంతో పాటు కాల్ పోతుంది. రూటర్‌కి సరిపోయే చిన్న యూపీఎస్ దొరుకుతుంది, అది పెట్టించు. మాట్లాడుతూ మాట్లాడుతూ గేటు దాటకు. వైఫై వదిలి టవర్ పట్టుకునే ఆ క్షణంలో కాల్ తెగే అవకాశముంది.

నెట్‌వర్క్ రకం దగ్గర ఇప్పుడు 5జీ పెట్టుంది. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ 4జీకి మార్చుకో. 5జీ అంచున ఉన్న ఫోన్ అటూ ఇటూ ఊగిసలాడుతూనే ఉంటుంది, బ్యాటరీ కూడా తినేస్తుంది. ఎప్పుడైనా ఉన్నట్టుండి సిగ్నల్ చచ్చిపోతే ఏరోప్లేన్ మోడ్ పెట్టి, పదిహేను సెకన్లాగి తీసెయ్యి. ఫోన్ మళ్ళీ కొత్తగా టవర్‌ని వెతుక్కుంటుంది.

"అందుబాటులో లేరు" అన్నదాని మీద నాకు ఇంకో అనుమానముంది. నీ ఫోన్లో రెండు సిమ్‌లున్నాయి, ఆఫీసుదొకటి, నీదొకటి. చాలా ఫోన్లలో ఒక సిమ్ మీద మాట్లాడుతుంటే రెండోది ఆ కాసేపూ అందదు. ఆదివారం రాత్రి తొమ్మిదీ నలభైకి నువ్వు ఆఫీసు కాల్లో ఉన్నావా? కాల్ లిస్టు తీసి టైము చూడు. ఉంటే ఆ రెండు సార్లకీ సిగ్నల్‌తో సంబంధమే లేదు.

మాట బావిలోంచి వచ్చినట్టు ఉందంటే అది మళ్ళీ వేరే కథ. పోయినేడు నాకే జరిగింది. నాతో మాట్లాడే ప్రతివాళ్ళూ "గట్టిగా చెప్పు" అనేవాళ్ళు. ఒక షాపులో చూపిస్తే బోర్డు మార్చాలి, 3,000 అవుతుందన్నారు. ఇంటికొచ్చి నిదానంగా ఆలోచించాను. ఫోన్లో వాయిస్ రికార్డర్ తెరిచి నాలుగు మాటలు మాట్లాడి విన్నాను. అందులోనూ అలాగే మూలిగినట్టుంది. రికార్డర్‌కి టవర్‌తో పనిలేదు కదా, అంటే తప్పు మైకులో. మీ అత్త టార్చి పట్టుకుంది, నేను భూతద్దం పెట్టి చూశాను. ఛార్జింగ్ పెట్టే చోటు పక్కన సూదిమొన అంత రంధ్రం. దాన్నిండా చొక్కా జేబులోని నూలు, దానిమీద రాగిపిండి అంటుకుని గట్టిపడి ఉంది. మెత్తటి కొత్త టూత్‌బ్రష్‌తో, ఫోన్ని బోర్లా పట్టుకుని, పొడిగా మెల్లగా దులిపితే రాలిపోయింది. మళ్ళీ రికార్డు చేస్తే నా గొంతు నాకు దొరికింది. నువ్వూ అదే పరీక్ష చెయ్యి. పిన్నుతో మాత్రం పొడవొద్దు, లోపలి పల్చటి జాలీ చిరిగిపోతుంది. సిమ్ ట్రే రంధ్రమనుకుని మైకు రంధ్రంలో పిన్ను గుచ్చి ఫోన్ పాడుచేసుకున్నవాళ్ళున్నారు. చెవి దగ్గరి జాలీ కూడా అలాగే దులుపు, అవతలి మాట సన్నగా వినబడటానికి చాలాసార్లు అదే కారణం.

టవర్ తప్పు అసలు ఉండదని కాదు. కరెంటు ఎక్కువసేపు పోతే టవర్ బ్యాటరీ మీద నడుస్తుంది, అదీ అయిపోతే పడుకుంటుంది. మీ అమ్మవాళ్ళ ఊళ్ళో వానాకాలంలో జరిగేది ఇదే. బ్రహ్మోత్సవాల్లో గరుడసేవ నాడు తిరుపతిలో సిగ్నల్ నిండుగా ఉన్నా కాల్ పోదు. అది బలం లేక కాదు, జనం ఎక్కువై దారి ఇరుకైపోయి. ఆ ఒక్కరోజూ ముందుగా మెసేజ్ పెట్టుకుంటే చాలు. కానీ మేడమీద కూడా మైనస్ 110 చూపిస్తూ, అదే కంపెనీ సిమ్ ఉన్న పక్కింటివాళ్ళకీ అలాగే ఉంటే అప్పుడు టవర్ సంగతి అడగాలి. తేదీ, టైము, అంకె ఒక వారం రాసిపెట్టుకుని కంపెనీ ఫిర్యాదుల నెంబరు 198కి ఫోన్ చెయ్యి. ఫిర్యాదు నెంబరు తప్పకుండా తీసుకో. పట్టించుకోకపోతే ఆ కంపెనీలోనే అప్పీలు అధికారి ఉంటారు, ఆ నెంబరుతో అక్కడికి పోవచ్చు. "ఇంట్లో సిగ్నల్ లేదు" అంటే ఎవరూ కదలరు. వారం అంకెలు ముందు పెడితే మాట తీరు మారుతుంది.

కంపెనీ మారేది ఆఖరి మాట. దానికి ముందు వేరే కంపెనీ సిమ్ ఉన్న స్నేహితురాలిని ఒకపూట ఇంటికి పిలిచి, మీ పడకగదిలో ఆమె ఫోన్లో అంకె చూడు. నీకన్నా పది పాయింట్లు మెరుగ్గా ఉంటే అప్పుడు ఆలోచించు. పోర్ట్ అని రాసి, ఖాళీ వదిలి, నీ నెంబరు రాసి 1900కి మెసేజ్ పంపితే కోడ్ వస్తుంది. అది మన దగ్గర 4 రోజులే పనిచేస్తుంది. ఇప్పుడున్న కంపెనీలో 90 రోజులు నిండి ఉండాలి. అదే కంపెనీలో పాత సిమ్ మార్చి కొత్తది తీసుకున్నా 24 గంటలు మెసేజ్‌లు ఆపేస్తారు, బ్యాంకు ఓటీపీలు రావు. ఇంటి అద్దె కట్టే రోజో, పిల్లాడి ఫీజు కట్టే రోజో పెట్టుకోకు.

మీ ఇంటాయన సిగ్నల్ పెంచే బూస్టరు పెట్టిద్దామన్నాడని విన్నాను. వద్దని నా మాటగా చెప్పు. అనుమతి లేని బూస్టరు పెట్టడం చట్టం ప్రకారం నేరం. పైగా అది మీ ఇంట్లో గీతలు పెంచుతూ టవర్ చెవిలో హోరు పుట్టిస్తుంది. ఆ హోరులో వీధిలోవాళ్ళందరి కాల్స్ పాడవుతాయి. ఆ వీధిలో మీ అమ్మలాంటి వాళ్ళు ఇంకెందరున్నారో. "నెట్‌వర్క్ బాగుచేస్తాం, ఈ స్టార్ నెంబరు కొట్టండి" అని ఎవరైనా ఫోన్ చేసినా వెంటనే పెట్టేసెయ్యి. నీ కాల్స్ వాళ్ళవైపు మళ్ళించుకుని ఓటీపీలు కాజేస్తారు.

మీ అమ్మ ఫోన్ సంగతి నేను చూసుకుంటా. ఆమెది పాత కీప్యాడ్ ఫోన్, 2జీ. నువ్వెంత మంచి ఫోన్ పెట్టుకున్నా ఆమె వైపు మాట 300 నుంచి 3,400 హెర్ట్జ్ మధ్యే పోతుంది, అందుకే మొద్దుగా వినబడుతుంది. 4జీ కీప్యాడ్ ఫోన్లున్నాయి, బటన్లు అవే, ఆమెకి కొత్తగా నేర్చుకునేదేమీ ఉండదు. వచ్చే శుక్రవారం పలమనేరులో ఒకటి కొని, సిమ్ కూడా మార్పించి తీసుకుపోతా. మంచం పక్కన కిటికీ దగ్గర ఒక మేకు కొట్టి చిన్న సంచీ తగిలిస్తాను, ఫోన్ అందులోనే ఉండాలని చెప్తాను. ఆ ఇంట్లో సిగ్నల్ బాగా అందేది అక్కడే, చూశాను.

శనివారం రాత్రి తొమ్మిదికి ఆ కొత్త ఫోన్ నుంచి మీ అమ్మ చేతే నీకు చేయిస్తా. నువ్వు మేడమీదికి పోవద్దు, వంటింట్లోకి పోవద్దు. వైఫై కాలింగ్ పెట్టుకుని పడకగదిలోనే ఉండి ఎత్తు.

మీ మామ