తాళం, లెక్కలు, ‘ఏం కాదులే’

ప్రశ్న: నా వయసు 34. పిల్లల చదువు, ఆరోగ్యం, ఉద్యోగం... ఏదో ఒకదాని గురించి ఎప్పుడూ టెన్షనే. డాక్టర్ జనరలైజ్డ్ యాంగ్జైటీ అని మందులు రాశారు. ఈ మధ్య తాళం వేశానా లేదా అని పదేపదే చూసుకుంటున్నాను. పిల్లలకు ఏదో అవుతుందన్న ఆలోచన వస్తే, మనసులో అంకెలు లెక్కపెట్టుకుంటే గానీ కుదుటపడను. ‘ఏం కాదులే’ అని మావారితో చెప్పించుకుంటాను. ఆయన విసిగిపోతున్నారు. ఇది ఒక జబ్బా, రెండా?

జవాబు: జనరలైజ్డ్ యాంగ్జైటీతో పాటు ఓసీడీ (అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్) కూడా ఉండొచ్చమ్మా. ఇవి కలిసి రావడం అరుదేమీ కాదు. నిర్ధారించాల్సింది మాత్రం మిమ్మల్ని చూసే సైకియాట్రిస్టే.

చదువులు, ఉద్యోగం గురించిన దిగులు అందరికీ ఉండేదే. అది అదుపు తప్పి ఆరు నెలలకు పైగా దాదాపు రోజూ వేధిస్తూ, నిద్రనీ ఏకాగ్రతనీ పాడుచేస్తుంటే జనరలైజ్డ్ యాంగ్జైటీ అంటారు. ఓసీడీ తీరు వేరు. వద్దన్నా ఒక ఆలోచన చొరబడుతుంది, దాన్ని అణచడానికి ఏదో ఒకటి చేసి తీరాలనిపిస్తుంది. మీ అంకెల లెక్క అలాంటిదే అనిపిస్తోంది. పైకి కనబడదు కాబట్టి చాలామంది ఈ సంగతి డాక్టరుకు చెప్పరు. మీరూ చెప్పి ఉండరని నా అనుమానం. అమెరికా సైకియాట్రిస్టుల సంఘం 2013లో తన మానసిక జబ్బుల వర్గీకరణలో ఓసీడీని ఆందోళన జబ్బుల్లోంచి తీసి విడిగా పెట్టింది. అయినా ‘ఏమవుతుందో’ అన్న సందేహాన్ని ఓర్చుకోలేకపోవడం రెండింటిలోనూ ఉంటుంది.

మీవారితో ‘ఏం కాదులే’ అనిపించుకోవడం కూడా తాళం చూసుకోవడం లాంటిదే. కాసేపు ఊరట, ఆ తర్వాత మళ్లీ అదే ప్రశ్న. ఆయన విసుక్కున్నా, ఓపిగ్గా వందసార్లు చెప్పినా ఫలితం ఒకటే. అలాగని రేపటినుంచే పూర్తిగా మానేయమని ఆయనకు చెప్పకండి. ఇద్దరూ ప్రశాంతంగా ఉన్నప్పుడు ఒక మాట అనుకోండి: మీరు అడిగినప్పుడు ఆయన, ‘దీనికి జవాబు చెప్పను, కానీ నీ పక్కనే ఉంటాను’ అనాలి. మొదట్లో మీకు కోపం వస్తుంది, అది మామూలే.

ఓసీడీకి బాగా పనిచేసే చికిత్స ఈఆర్‌పీ. భయం పుట్టించే పరిస్థితిలోకి కావాలనే వెళ్లి, అలవాటైన పని చేయకుండా ఆగడం. తాళం ఒక్కసారి వేసి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోవడం అన్నమాట. తేలికైనవాటితో మొదలుపెడతారు. ఇందులో శిక్షణ ఉన్న సైకాలజిస్టు దగ్గరే చేయండి.

రెండింటికీ తరచూ ఒకే రకం మందులు వాడతారు. కాకపోతే ఓసీడీకి డోసు సాధారణంగా ఎక్కువ కావాలి, ఫలితం తేలడానికి 8 నుంచి 12 వారాలు పట్టొచ్చు. సొంతంగా పెంచడం, ఆపడం రెండూ వద్దు.

ఈసారి డాక్టర్ దగ్గరికి వెళ్లే ముందు, తాళానికి, లెక్కలకు, మీవారిని అడగడానికి రోజుకు ఎంతసేపు పోతోందో కాగితం మీద రాసుకోండి. గంట దాటుతుంటే ఆ సంగతే ముందు చెప్పండి.