దసరా వదులుకున్నాను, ఇప్పుడు సంక్రాంతికి పాపను పంపనంటోంది

ప్రశ్న: పరస్పర అంగీకారంతో విడాకులు తీసుకుని మూడేళ్లయింది. తొమ్మిదేళ్ల పాప విజయవాడలో తల్లి దగ్గర ఉంటుంది, నేను హైదరాబాద్‌లో. డిక్రీ ప్రకారం దసరా సెలవులు నావి, సంక్రాంతి ఆమెది. ఈసారి దసరాలో వాళ్ల తమ్ముడి గృహప్రవేశం ఉందని, పాపను ఉంచుకుంటానని ఆమె ఫోన్‌లో అడిగింది. సంక్రాంతికి మీరే తీసుకెళ్లండి అంది. సరేనన్నాను. ఇప్పుడేమో 'సంక్రాంతి నాదని కోర్టే రాసింది' అంటోంది. ఊళ్లో మా అమ్మ మనవరాలి కోసం ఎదురుచూస్తోంది. కోర్టు ధిక్కారం కేసు వేయొచ్చా?
- ఒక తండ్రి, హైదరాబాద్

జవాబు: మీ కోపం న్యాయమైనదే కానీ, ఆ కేసు నిలబడదు. కోర్టు ఆదేశాన్ని గానీ, కోర్టుకిచ్చిన హామీని గానీ కావాలని ఉల్లంఘిస్తేనే 1971 కోర్టు ధిక్కార చట్టం కింద సివిల్ ధిక్కారం అవుతుంది. ఆమె మాటిచ్చింది మీకు, కోర్టుకు కాదు. కాగితం మీద చూస్తే ఆమె డిక్రీ ప్రకారమే నడుస్తోంది. భోగి రోజు మీరు వెళ్లి పాపను బలవంతంగా తెచ్చుకుంటే ఉల్లంఘన మీదవుతుంది. 'మనోవర్తి ఆపేస్తే దారికొస్తుంది' అని సలహా ఇచ్చేవాళ్లు మీ చుట్టూ ఉండే ఉంటారు. ఆ పని అస్సలు చేయకండి. డబ్బు వేరు, పాపను చూడటం వేరు. కోర్టు రెండింటినీ కలపదు.

అలాగని మీకు దారి లేకపోలేదు. పిల్లల కస్టడీ ఆదేశాలు రాతిమీద గీతలు కావని, పరిస్థితులు మారితే మార్చుకోవచ్చని సుప్రీంకోర్టు 1973లోనే రోసీ జేకబ్ కేసులో చెప్పింది. డిక్రీ వచ్చాక కూడా మార్చమని అడిగే వీలు హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్‌లో ఉంది. డిక్రీ ఇచ్చిన కోర్టులోనే పిటిషన్ వేసి, దసరాలో పోయిన రోజులకు బదులు రోజులు ఇప్పించమని అడగండి. అంతవరకే అడగండి. కోపంలో కస్టడీ కూడా నాకే కావాలని రాశారంటే అసలు విషయం పక్కకు పోయి ఏళ్ల తరబడి తిరగాల్సి వస్తుంది.

మీకున్న చిక్కు సాక్ష్యం. మాట ఫోన్‌లో అనుకున్నారు. అందుకే ఇవాళే వాట్సాప్‌లో మర్యాదగా ఓ మెసేజ్ పెట్టండి: 'గృహప్రవేశం ఉందని మీరు అడిగితే దసరాకు పాపను మీ దగ్గరే ఉండనిచ్చాను. సంక్రాంతికి నాతో పంపుతానన్నారు. ఏ రోజు, ఎన్ని గంటలకు రమ్మంటారు?' ఇంతే. దెప్పిపొడుపులు వద్దు, రేపు ఆ మెసేజ్ జడ్జిగారు చదువుతారు. ఆమె 'అప్పుడు అన్నాను గానీ ఇప్పుడు కుదరదు' అని రాసినా చాలు, ఒప్పందం జరిగినట్టు ఆమే ఒప్పుకున్నట్టు. ఆ చాట్‌కు 2023 సాక్ష్య చట్టం 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ (అది ఏ ఫోన్ నుంచి, ఎలా తీశారో చెప్పే పత్రం) జతచేసి కోర్టులో దాఖలు చేయాలి. ఫోన్ మార్చకండి, చాట్ డిలీట్ చేయకండి.

సంక్రాంతికి కోర్టులకూ సెలవులే. నోటీసు అందడానికి టైం పడుతుంది. పండుగకు నెల రోజులు కూడా లేకపోతే సంక్రాంతి కోసం పట్టుబట్టకుండా, ఆ రోజుల్ని వేసవి సెలవుల్లో కలపమనండి. ఇలాంటి విన్నపాన్ని జడ్జిలు సానుకూలంగా చూస్తారు.

ఇకముందు సెలవులు మార్చుకోవద్దని నేననను. ఇద్దరూ ఒప్పుకుని ఒక్క పండుగ అటూఇటూ చేసుకుంటే ఎవరూ తప్పుపట్టరు. మీరు చేసిన పొరపాటల్లా ఇచ్చేది ముందు ఇచ్చేసి, తీసుకోవాల్సింది మాట మీద వదిలేయడం. ఈసారి రెండూ ఒకే మెసేజ్‌లో ఉండాలి: ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, పాపను ఎక్కడ అప్పగించాలి, బదులుగా ఏ రోజులు. అటునుంచి 'సరే' అని వచ్చాకే మీ రోజులు వదులుకోండి. ఏటా ఇలాగే మార్చుకోవాలనుకుంటే మాత్రం ఇద్దరూ సంతకాలు చేసిన జాయింట్ మెమో కోర్టులో వేసి, దాని మీద ఆదేశం తీసుకోండి.

మీ అమ్మగారి ఊరు ఎక్కడో మీరు రాయలేదు. విజయవాడకు దగ్గరైతే పిటిషన్ కంటే ముందు ఒక్క మాట అడిగి చూడండి. భోగి, సంక్రాంతి వాళ్లకే వదిలేసి కనుమ రోజు పొద్దున తీసుకెళ్లి రాత్రికి దింపేస్తానని. మూడు రోజులకు ససేమిరా అన్నవాళ్లు ఒక్క పూటకు ఒప్పుకోవడం నేను చాలాసార్లు చూశాను.