ఉంగరం తిప్పుతూ కూర్చున్న మనిషి

ఒరేయ్ అల్లుడూ,

నీ స్కిట్ చదివాను. పదకొండు పేజీలు. నవ్వొచ్చిన చోటల్లా పెన్సిల్‌తో టిక్కు పెట్టుకుంటూ పోయాను, నాలుగొచ్చాయి. మొహం మాడ్చుకోకు. నా మొదటి స్కిట్‌కి మా గురువుగారు పెట్టింది ఒకటే టిక్కు, అదీ నేను తప్పుగా రాసిన మాట దగ్గర.

స్కిట్ సంగతి తర్వాత. ముందు నువ్వడిగిన కోనన్ ఓబ్రయన్ సంగతి. అమెరికా టీవీలో అర్ధరాత్రి హాస్య కార్యక్రమాలు నడిపిన ఆ మనిషి 2010 జనవరిలో 'టునైట్ షో' అనే పేరున్న షోని వదిలేసిన రాత్రి మాట్లాడిన వీడియో చూసి కళ్లలో నీళ్లు తిరిగాయన్నావు. ఉద్యోగం మానేసి అలాంటి షోకి రాస్తానన్నావు. ఆ ముక్క మీ అమ్మకి కూడా చెప్పినట్టున్నావు, నాకు ఫోన్ చేసి "వాడికి కాస్త బుద్ధి చెప్పరా" అంది. నేను నిన్ను ఆపడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఆ మాట మాత్రం అక్కకి చెప్పకు.

నా గొడవల్లా ఏమిటంటే, నువ్వు ఆ మనిషి కథని చివరి నుంచి మొదలెట్టావు. చప్పట్లు, కన్నీళ్లు, వీడ్కోలు. రాసేవాడికి అక్కడ నేర్చుకోవడానికి పెద్దగా ఏమీ లేదు.

ఆయన 1963లో బోస్టన్ పక్కన బ్రూక్‌లైన్‌లో పుట్టాడు. ఆరుగురు పిల్లల్లో మూడోవాడు. తండ్రి డాక్టరు, తల్లి లాయరు. హార్వర్డ్‌లో చరిత్ర, సాహిత్యం చదివాడు. అక్కడ 'లాంపూన్' అని విద్యార్థులు నడిపే హాస్య పత్రిక ఉంది, దానికి రెండుసార్లు అధ్యక్షుడయ్యాడు. 1985లో చదువయ్యాక లాస్ ఏంజెలెస్ వెళ్లి టీవీకి రాశాడు. 1988 నుంచి మూడేళ్లు న్యూయార్క్‌లో 'శాటర్‌డే నైట్ లైవ్' అనే స్కిట్ల షోకి రాశాడు. ఆ తర్వాత 'ద సింప్సన్స్' అనే కార్టూన్ సీరియల్‌కి. దాంట్లో మోనోరైలు (ఒంటి పట్టా మీద నడిచే రైలు) ఎపిసోడ్ వెతికి చూడు, 1993 జనవరిలో వచ్చింది. మాటకారి మోసగాడొకడు చిన్న ఊరికి వచ్చి, వాళ్లకి ఏ అవసరమూ లేని మోనోరైలుని పాట పాడి మరీ అంటగడతాడు. ఊరు ఊరంతా ఆ పాట అందుకుంటుంది. మన ఊళ్లలో రియల్ ఎస్టేట్ వెంచర్ ప్రారంభోత్సవాలకి వెళ్లినవాడికి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

అంటే, ఎనిమిదేళ్లు ఇతరుల నోటికి మాటలు అందించాకే ఆయన కెమెరా ముందుకొచ్చాడు. దీని కింద గీత గీసుకో.

ఆ రావడం కూడా విచిత్రంగా జరిగింది. ముప్పై ఏళ్లు 'టునైట్ షో' నడిపిన జానీ కార్సన్ 1992లో విరమించుకున్నాడు. ఆ కుర్చీ నాదే అనుకున్న డేవిడ్ లెటర్‌మన్‌ని పక్కనపెట్టి ఎన్‌బీసీ చానెల్ వాళ్లు జే లెనో అనే ఇంకో హాస్యగాడికి ఇచ్చారు. మనసు విరిగిన లెటర్‌మన్ పోటీ చానెల్ సీబీఎస్‌కి వెళ్లిపోయాడు. రాత్రి పన్నెండూ ముప్పై అయిదుకి ఆయన నడిపే 'లేట్ నైట్' ఖాళీ అయింది. 'శాటర్‌డే నైట్ లైవ్' సృష్టికర్త లోర్న్ మైకేల్స్ దాంట్లోకి ఈ ముప్పై ఏళ్ల రచయితని తెచ్చాడు. ఆరడుగుల నాలుగంగుళాల పొడవు, ఎర్రజుట్టు, జనానికి పేరైనా తెలియదు.

1993 సెప్టెంబరు 13న మొదటి షో. దాని ఆరంభం నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. కోనన్ హుషారుగా స్టూడియోకి నడిచి వస్తుంటాడు. దారిలో కనిపించిన ప్రతివాడూ ఒకటే మాట: లెటర్‌మన్ అంత బాగా చెయ్యాలి సుమా. ఈయన అందరికీ నవ్వుతూ తలూపుతాడు. తన గదిలోకి వెళ్తాడు, అదే హుషారుతో ఈల వేసుకుంటూ ఉరితాడు వేలాడదీస్తాడు. ఇంతలో ఎవరో తలుపు తట్టి టైమైందంటారు. సరే వస్తున్నా అని షో చెయ్యడానికి వెళ్తాడు.

చూశావా? దేశమంతా తన గురించి ఏమనుకుంటోందో ముందే పసిగట్టి, వాళ్లకంటే ముందు తనే అనేశాడు. అది నటుడికి తట్టే ఆలోచన కాదురా, రచయితకి తట్టేది.

అయినా షో నిలబడలేదు. 'వాషింగ్టన్ పోస్ట్'లో టామ్ షేల్స్ అనే పేరున్న విమర్శకుడు ఆయన ఇంటిపేరు మీదే శ్లేష కట్టి, వచ్చిన అజ్ఞాతంలోకే తిరిగి వెళ్లమన్నాడు. చానెల్ వాళ్లు పదమూడు వారాలకోసారి కాంట్రాక్టు పొడిగిస్తూ వచ్చారు. 1994లో ఒక దశలో ఏ వారానికి ఆ వారం అన్నంత దాకా వచ్చింది. అడ్డా మీద కూలీకీ ఆయనకీ తేడా సూటు ఒక్కటే. స్టూడియోలో ఖాళీ సీట్లు కనపడకుండా ఆఫీసులో పనిచేసే ఇంటర్న్‌లని తెచ్చి కూర్చోబెట్టేవాళ్లు. ఆ రోజుల్లోనే లెటర్‌మన్ స్వయంగా అతిథిగా వచ్చి కూర్చుని మంచి మాట చెప్పి వెళ్లాడు. తన పాత కుర్చీలో కూర్చున్నవాడికి అంత సాయం చేసిన పెద్దమనిషి మన రంగంలో నాకు ఎదురుపడలేదు. పోనీలే.

ఇప్పుడు అసలు సంగతి. ఆ గండం వాళ్లు ఎలా గట్టెక్కారు? లెటర్‌మన్‌లా చెయ్యడం నేర్చుకునా? కాదు, ఇంకా పిచ్చిగా రాయడం మొదలెట్టారు. లైట్లు ఆర్పేసి, మొహం కింద టార్చిలైటు పెట్టుకుని, 2000 సంవత్సరంలో లోకం ఎలా ఉండబోతోందో జోస్యాలు చెప్పేవాళ్లు. 2000 వచ్చింది, వెళ్లింది, అయినా ఆపలేదు, '2000 సంవత్సరంలో' అంటూనే ఏళ్ల తరబడి భవిష్యత్తు చెప్పారు. నాకైతే ఆ మొండితనమే అసలు జోకు. ఇంకొకటి, 1997 నుంచి సిగార్ నోట్లో పెట్టుకుని అందరినీ తిట్టే కుక్కబొమ్మ. దాన్ని ఆడించి, గొంతిచ్చినవాడు రాబర్ట్ స్మైగెల్, ఆ షోకి మొదటి ముఖ్య రచయిత. ఇవన్నీ మీటింగులో వివరించి చెబితే ఏ నిర్మాతా ఒప్పుకోడు. చేసి చూపించి, చేసి చూపించి, జనానికి అలవాటు చేశారు. 1996కల్లా ఆ షేల్స్ కూడా తన మాట వెనక్కి తీసుకుని మెచ్చుకున్నాడు.

కోనన్ 2011లో డార్ట్‌మత్ కాలేజీ స్నాతకోత్సవంలో ఈ విషయమే చెప్పాడు. లెటర్‌మన్ కార్సన్‌లా అవుదామనుకున్నాడు, కాలేకపోయాడు. మా తరం వాళ్లం లెటర్‌మన్ అవుదామనుకున్నాం, మాకూ కుదరలేదు. ఎవరిలా అవుదామని కాలేకపోయామో, ఆ కాలేకపోవడమే మమ్మల్ని మేముగా చేసిందన్నాడు. నీ స్కిట్‌లో మూడు చోట్ల కోనన్ వినపడ్డాడు. వినపడనీ. ఎలాగూ నీకు కుదరదు.

ఇక పని. ఆ షో న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ సెంటర్‌లో సాయంత్రం అయిదున్నర ప్రాంతంలో రికార్డయ్యేది. అదే రాత్రి ప్రసారం. పొద్దున పేపర్లలో వార్తలు, వాటి మీద కుప్పలుగా జోకులు, మధ్యాహ్నం రిహార్సల్, తుస్సుమన్నవి పీకేసి కొత్తవి పెట్టడం, సాయంత్రం జనం ముందు. పేలిందా సంతోషం. పేలలేదా, ఏడవడానికి టైం లేదు, మళ్లీ పొద్దున్నే పేపర్లు వచ్చేస్తాయి. పేలిన జోక్‌కి కూడా ఆయుష్షు ఆ ఒక్క రాత్రే. ఇలా పదహారేళ్లు, రెండున్నర వేల షోలకి పైగా. నువ్వు పదకొండు పేజీలు రాయడానికి నాలుగు నెలలు పట్టిందన్నావు, అది చదివి నాకు కాస్త టెన్షన్ వచ్చిన మాట నిజం.

రాసేవాళ్లు లేకపోతే ఏమవుతుందో కూడా ఆ షోలోనే చూడొచ్చు. 2007 నవంబరులో అమెరికాలో రచయితలు సమ్మె చేశారు. షో ఆగింది. రచయితలు కాని సిబ్బందికి కోనన్ కొన్నాళ్లు తన జేబులోంచి జీతాలిచ్చాడు. 2008 జనవరిలో రచయితలు లేకుండానే షో మళ్లీ మొదలెట్టాల్సి వచ్చింది. సమ్మెకి గుర్తుగా పెంచిన గడ్డంతో వచ్చి కూర్చున్నాడు. చెప్పడానికి సరుకు లేదు. వేలికున్న పెళ్లి ఉంగరం తీసి బల్ల మీద గిర్రున తిప్పాడు. ఎంతసేపు తిరుగుతుందో టైం చూశారు. మర్నాడు ఇంకాస్త ఎక్కువసేపు తిప్పడానికి ప్రయత్నం. కోట్లు ఖర్చుపెట్టే టెలివిజన్‌లో అర్ధరాత్రి జనం తిరిగే ఉంగరాన్ని చూస్తూ కూర్చున్నారు, నవ్వారు కూడా.

నా అంత ఎక్కువసార్లు ఆ దృశ్యం చూసినవాడు తెలుగునాట ఇంకొకడు ఉండడు. రచయిత లేకపోతే షో అంటే ఒక బల్ల, ఒక ఉంగరం అని మొదట్లో గర్వంగా చూసేవాణ్ని. తర్వాత్తర్వాత ఇంకోలా కనపడింది. చేతిలో ఏమీ లేనప్పుడు కూడా ఆయన ఇంట్లో కూర్చోలేదు, ఉన్నదాంతో ఆ రాత్రికి సరిపడా ఏదో ఒకటి తయారుచేశాడు. అది రచయితల గదిలో పట్టుబడిన అలవాటు. ఆ అలవాటు నాకు లేకపోయింది.

నీకు ఎప్పుడూ చెప్పలేదు. నా దగ్గర ఒక స్కిట్ ఉండేది, పెళ్లిచూపుల మీద. అది గొప్పదని నా నమ్మకం. ఒక చానెల్ వాళ్లు తీసుకున్నారు, రిహార్సల్ దాకా వెళ్లింది, ఆఖర్న ఆ స్లాటు పంచాంగ శ్రవణానికి ఇచ్చేశారు. డబ్బులూ రాలేదు. దాన్ని సంచిలో పెట్టుకుని పదకొండేళ్లు తిరిగానురా. కనపడ్డ ప్రతి నిర్మాతకీ అదే వినిపించేవాణ్ని. ఈలోగా నా చేతికింద పని నేర్చుకున్న కుర్రాళ్లు వారానికి రెండు లెక్కన వందల స్కిట్లు రాసి పారేశారు. వాటిలో నూటికి తొంభై చెత్త. మిగతా పదీ మాత్రం నా సంచిలోదానికంటే బాగున్నాయి.

2010 గొడవ క్లుప్తంగా చెప్పేస్తాను, నీకు ఎలాగూ కంఠస్థం. 2004లోనే కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం 2009 జూన్‌లో కోనన్‌కి 'టునైట్ షో' వచ్చింది. లెనోకి రాత్రి పదింటికి వేరే షో ఇచ్చారు, అది ఆడలేదు. ఏడు నెలలు తిరక్కుండానే లెనోని పదకొండూ ముప్పై అయిదుకి తెచ్చి, 'టునైట్ షో'ని పన్నెండూ అయిదుకి జరుపుతామన్నారు. ఒప్పుకుంటే కుర్చీ ఉండేది. నువ్వు చూసిన వీడ్కోలు మాటలకి పది రోజుల ముందు ఆయన ఒక ఉత్తరం రాశాడు, అది చదివావా? 'భూమ్మీది ప్రజలారా' అని సంబోధన. ఈ రాత్రి షోని రేపటి రోజులోకి నెట్టి పాడుచెయ్యడం నా చేతులమీదుగా జరగదంటాడు. ఎక్కడా తిట్టడు. అంత బాధలోనూ చివర్లో తన జుట్టు గురించి క్షమాపణ చెబుతాడు, అది పుట్టినప్పటి నుంచి అంతేనట. కెమెరాలన్నీ ఉన్న మనిషి అవసరం వచ్చినప్పుడు పట్టుకున్నది కలాన్ని. నీ కన్నీళ్లు ఆ ఉత్తరానికి దాచుకోవాల్సింది.

తర్వాత కొన్ని నెలలు టీవీలో కనపడకూడదని షరతు ఉంటే ఊరూరా తిరిగి స్టేజి షోలు చేశాడు. ఆ నవంబరులో టీబీఎస్ అనే ఇంకో చానెల్‌లో కొత్త షో మొదలెట్టి 2021 దాకా నడిపాడు. ఇప్పుడు పాడ్‌కాస్ట్, ప్రయాణాలు. ఆస్కార్ వేడుకా నడిపాడు. 2025లో హాస్య రచయిత మార్క్ ట్వెయిన్ పేరు మీద హాస్యానికిచ్చే బహుమతి ఇచ్చారు.

ప్రయాణాల్లో ఒకటి చెప్పాలి, నీ స్కిట్‌తో పనుంది. అప్పటి ఫిన్లాండ్ అధ్యక్షురాలు టార్యా హలోనెన్‌లా తను ఉంటానని కోనన్ నెలల తరబడి తన మొహం మీద తనే జోకులేశాడు. ఆమె ఎన్నికల్లో గెలిచాక 2006లో నిజంగానే ఫిన్లాండ్ వెళ్లి ఆమెని కలిశాడు. క్యూబా వెళ్లినా, కొరియా వెళ్లినా అదే పద్ధతి, అక్కడి మనుషులు మామూలుగా ఉంటారు, వెర్రివాడు ఈయన. ఆ బహుమతి అందుకున్న రాత్రి కూడా, బలహీనుల్ని ఏడిపించేవాళ్లంటే ట్వెయిన్‌కి పడదని గుర్తుచేశాడు.

నీ స్కిట్‌లో నేను పెట్టిన నాలుగు టిక్కుల్లో మూడు ఆ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ యాస మీద. నవ్వాను, నిజమే. నవ్వాక సిగ్గేసింది, మా వాచ్‌మన్ కింద గేటు దగ్గరే కూర్చుని ఉన్నాడు. ఆ సీన్‌లో వాచ్‌మన్‌ని మామూలు మనిషిగా ఉంచి, లిఫ్టు పాడైతే ఏం చెయ్యాలో తెలియని సాఫ్ట్‌వేర్ కుర్రాణ్ని వెర్రివాణ్ని చేసి రాసి చూడు. అతని గురించి నీకు బోలెడు తెలుసు.

ఇక ఉద్యోగం. మానకు, ఇప్పుడే వద్దు. నీకు పదమూడు వారాల కాంట్రాక్టు ఇస్తున్నాను. సోమవారం నుంచి శుక్రవారం దాకా, రాత్రి ఆఫీసు నుంచి వచ్చాక ఆ రోజు పేపర్ చూసి పది జోకులు రాయి. పొద్దున ఏడింటికల్లా నా వాట్సాప్‌లో ఉండాలి. ఏడు దాటితే చూడను. కాపీలు దాచుకోకు. పండగలకి సెలవుంది, జ్వరానికి లేదు. పదమూడు వారాలయ్యాక పొడిగించాలా వద్దా అన్నది నేనూ మీ అత్తయ్యా కూర్చుని తేలుస్తాం. ఆవిడ నవ్వదని నీకు తెలుసు.

మీ అమ్మ అడిగితే మావయ్య గట్టిగా చీవాట్లు పెట్టాడని చెప్పు.

మీ మావయ్య