ఇంజనీరింగ్ వద్దని డిగ్రీలో గణితం చేరితే ముందు దారి ఉంటుందా?

ఇంటర్ ఎంపీసీ పూర్తిచేసిన మీ అమ్మాయి ఇంజనీరింగ్ వద్దు, గణితమే చదువుతానంటోందనీ, టీచరు ఉద్యోగం తప్ప దానికి వేరే దారి ఉందా అనీ అడిగారు. చిత్తూరులో బీఎస్సీ, తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ గణితం చదివి, పదకొండేళ్లుగా డిగ్రీ పిల్లలకు ఆ పాఠాలే చెబుతున్నదానిగా నాకు తెలిసింది రాస్తున్నాను.

ఉద్యోగాల మాట తరువాత. ఇంటర్‌లో సూత్రం గుర్తుపెట్టుకుని వేగంగా లెక్క తేల్చినవారికి మార్కులు వస్తాయి. విశ్వవిద్యాలయంలో ఎందుకు అలా అవుతుందో నిరూపించాలి. గణితంలో సమూహం (గ్రూప్) అంటే, ఏ రెండింటిని కలిపినా ఫలితం అందులోనే ఉండే, ప్రతిదాన్నీ రద్దుచేసేది కూడా అందులోనే ఉండే మూలకాల గుంపు; దానిలో ఇమిడిన అలాంటి చిన్న గుంపే ఉపసమూహం. ఎమ్మెస్సీ మొదటి ఏడాది ఒక పరీక్షలో, ఉపసమూహపు మూలకాల సంఖ్య సమూహపు మూలకాల సంఖ్యను భాగిస్తుందన్న లగ్రాంజ్ సిద్ధాంతాన్ని నేను తిరగేసి, భాగించే ప్రతి సంఖ్యకూ ఒక ఉపసమూహం ఉంటుందని ధీమాగా రాశాను. మాస్టారు ఎర్రసిరాతో సున్న చుట్టి, పక్కన "ఏ4 చూడమ్మా" అని మాత్రం రాశారు. ఆ సాయంత్రం చిత్తూరు ప్యాసింజర్‌లో పాకాల దాటేలోగా, ఏ4 అనే సమూహంలోని సరి ప్రస్తారాలు 12నీ, అంటే నాలుగు వస్తువులను రెండేసి చొప్పున సరిసంఖ్య సార్లు తారుమారు చేస్తే వచ్చేవాటిని, నోటుబుక్కులో వేసుకున్నాను. అందులో ఆరు మూలకాల ఉపసమూహం ఉందనుకుంటే, ఆరు పన్నెండులో సరిగ్గా సగం కనుక, ప్రతి మూలకపు వర్గమూ (దాన్ని వరసగా రెండుసార్లు చేస్తే వచ్చేది) ఆ ఆరింటిలోనే ఉండి తీరాలి. కానీ మూడు వస్తువులను చక్రంగా తిప్పే ప్రస్తారాలు ఎనిమిది, అవన్నీ ఏదో ఒకదాని వర్గాలే. ఆరింటిలో ఎనిమిది ఎలా ఇముడుతాయి? ఆ క్షణం కలిగిన సంతోషం కోసమే నేనింకా ఈ వృత్తిలో ఉన్నాను.

ఇక దారులు. డిగ్రీ తరువాత జామ్ పరీక్ష రాసి ఐఐటీల్లో ఎమ్మెస్సీ చేరవచ్చు. పరిశోధన ఇష్టమైతే, ఫెలోషిప్‌కు రాసే సీఎస్ఐఆర్ నెట్ పరీక్ష ఉంది. ఇంటర్ కాగానే చేరదలిస్తే తిరుపతిలోనే 2015 నుంచి ఐసర్ అనే కేంద్ర సైన్స్ విద్యా పరిశోధన సంస్థ ఉంది, చెన్నైలో సీఎంఐ (చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్), బెంగళూరులో ఐఎస్ఐ (ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్) వారి బీ.మ్యాథ్ డిగ్రీ ఉన్నాయి, వీటన్నింటికీ ప్రవేశ పరీక్షలు రాయాలి. స్టాటిస్టిక్స్ వైపు మళ్లడం నాకు అన్నింటికన్నా నచ్చే దారి. ప్రఖ్యాత స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త సి.ఆర్.రావు గారు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. చేశాకే కలకత్తా వెళ్లి స్టాటిస్టిక్స్ చదివారు. ఒక అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో హద్దు చెప్పిన ఆయన 1945 నాటి ఫలితం ఈనాటికీ పాఠ్యాంశమే. బీమా సంస్థల్లో నష్టభయాన్ని లెక్కగట్టే యాక్చువరీ పనికీ, డేటా విశ్లేషణకూ కావలసింది ఈ పునాదే. యూపీఎస్సీ నడిపే ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీసుకు డిగ్రీలో స్టాటిస్టిక్స్ ఒక సబ్జెక్టుగా గానీ, స్టాటిస్టిక్స్‌లో పీజీ గానీ ఉండాలి కనుక, చేరేటప్పుడే ఆ సంగతి చూసుకోండి.

ఒక్కటి దాచకుండా చెప్పాలి. ప్రోగ్రామింగ్ నేర్చుకోకుండా, ప్రవేశ పరీక్షలేవీ రాయకుండా ఎమ్మెస్సీ పట్టా ఒక్కదానితో బయటికి వచ్చిన నా సహాధ్యాయులు కొందరు ఏళ్ల తరబడి చాలీచాలని జీతానికి జూనియర్ కాలేజీల్లో పాఠాలు చెప్పారు. పైతాన్ అనే ప్రోగ్రామింగ్ భాషను మొదటి ఏడాదిలోనే మొదలుపెట్టించండి.

దరఖాస్తు పెట్టేముందు మీ అమ్మాయికి ఒక లెక్క ఇవ్వండి. √2, √3 కరణీయ సంఖ్యలని, అంటే రెండు పూర్ణసంఖ్యల భిన్నంగా రాయలేనివని ఆమెకు తెలుసు. వాటి మొత్తం కూడా కరణీయమేనని, ఎక్కడా జవాబు వెతకకుండా నిరూపించమనండి. ఆదివారం పూటంతా దాని ముందే కూర్చుని, తేలకపోయినా సోమవారం మళ్లీ కాగితం తీస్తే, నిశ్చింతగా గణితంలో చేర్పించండి.